నీళ్ళల్లోంచి వచ్చిన పిలుపు

ఇనాబుయన్, బొహోల్ దీవి
సెప్టెంబరు 8, 1957
మరియమాత పుట్టినరోజు

పారే రెస్తీ,

ఈ ఉత్తరం రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. పొద్దున కాగితం తీశాను, లోపల పెట్టేశాను. ఒకాయన గడ్డానికి వచ్చాడు, గీసి పంపించాను. మళ్ళీ తీశాను, మళ్ళీ పెట్టేశాను. చివరికి, రాయకపోతే నిద్ర పట్టదు, నిద్ర పట్టకపోతే రేపు ఎవడి చెవో తెగుతుంది అని భయపడి కూర్చున్నాను. కాబట్టి ఇది నీ మీద ప్రేమతో రాస్తున్నది కాదు, ఊరివాళ్ళ చెవుల క్షేమం కోరి రాస్తున్నది.

నిన్న మీ చెల్లెలు పొరింగ్ దగ్గర చేపలు కొంటున్నాను. పొలుసు గీకుతూ, తల ఎత్తకుండానే అంది: "సిమో అన్నా, విన్నావా? మా అన్నయ్య అక్కడ కొండల్లో ఏట్లో మునిగాడట."

"అదేమిటే, వాడికి ఈత వచ్చు కదా!"

"ఈత కాదయ్యా బాబూ, మతం! మతం మారడానికి మునిగాడు!"

"మరి తేలాడా?"

"తేలాడు గానీ, తేలేసరికి మనవాడు కాదు."

అని చేపని నడిమికి నరికింది. ఆ చేప ఏ పాపం చేసిందో గానీ, నీ బదులు అది పోయింది.

ఇది అబద్ధమైతే ఒక్క ముక్క రాసి పడెయ్యి. నిజమైతే ఎందుకో రాయి. నువ్వు మిందనావ్ దీవికి వెళ్ళి అడవి కొట్టి పొలం చేసుకున్నావంటే సంతోషించాను. మొక్కజొన్న బాగా పండిందంటే సంతోషించాను. కానీ మన ఊరి పునీతుడు సాన్ ఆంతోన్యో పల్లకీని ఇరవై ఏళ్ళు మోసిన భుజం నీది. అది ఎక్కడ జారింది?

ఇక్కడ కూడా ఆ కొత్త సంఘంవాళ్ళు దిగారులే. పాస్టరు పేరు ఎలియెజర్. పక్క ఊరివాడే, ఇదివరకు కుట్టు మిషన్లు అమ్మేవాడు. మాట కూడా మిషన్ కుట్టినట్టే ఉంటుంది, ఎక్కడా దారం తెగదు. గుడికి ఎదురుగా మార్కెట్ చావడిలో లౌడ్‌స్పీకరు కట్టాడు. పోయిన ఆదివారం పూజలో ఫాదర్ సెసిల్యో లాటిన్‌లో ఆశీర్వదించడానికి ఇటు తిరిగారో లేదో, అటునుంచి "విగ్రహారాధకులారా!" అని కేక. పూజ సహాయకుడు బిత్తరపోయి, ఆ కేకకే "మీ ఆత్మతోను" అని లాటిన్‌లో జవాబు చెప్పాడు.

పాస్టరు గురి అంతా మన సాన్ ఆంతోన్యో మీద. అదే పేరున్న పాదువా ఊరాయన మీద కాదు, మనాయన మీద. ఎడారిలో తపస్సు చేసిన ముసలాయన, కాళ్ళ దగ్గర పందిపిల్ల. ఇంతకన్నా ఏం కావాలి వీళ్ళకి? "ఈ ఊరివాళ్ళు పందికి మొక్కుతారు!" అన్నాడు మైకులో. నేను కొట్టు అరుగు మీద నిలబడి, "మొక్కేది ఆయనకండీ, తినేది పందిని! రెండిటికీ తేడా తెలియనివాళ్ళు పండగనాడు మా ఇంటికి భోజనానికి రాకండి, ఎవర్ని కొరుకుతారో ఏమో!" అని అరిచాను. మార్కెట్టంతా నవ్వింది. ఆయన వెనకున్న డ్రమ్ము కొట్టే కుర్రాడు కూడా నవ్వాడు.

ఫాదర్ మాత్రం నవ్వలేదు. సాయంత్రం కొట్టుకి వచ్చారు. "సిమో, విశ్వాసం పరిహాసం కాదయ్యా" అన్నారు.

"ఫాదర్, మీ అమ్మమీద ఎవడో బురద విసిరాడనుకోండి. ఒకడు కోర్టుకి వెళ్తాడు, ఒకడు కత్తి తీస్తాడు. నాకున్నది ఈ నోరు. వాడి చేతిలో బురదని వాడే చూసుకుని సిగ్గుపడేలా జనాన్ని నవ్విస్తాను. కత్తి ఉంది గానీ, అది గడ్డాలకే వాడతానని ప్రమాణం చేశాను."

ఆయన "జుట్టు కాస్త కత్తిరించు" అని కూర్చున్నారు. ఒప్పుకున్నట్టా, ఒప్పుకోనట్టా? నాకూ తెలియదు.

జుట్టంటే గుర్తొచ్చింది. ఊళ్ళో మంగలిని నేనొక్కణ్ణే కదా. పాస్టరు నా దగ్గరికి రాడు. వచ్చి కూర్చుంటే మెడ నా చేతిలో ఉంటుందని భయమో, మాట వినాల్సొస్తుందని భయమో. ఊళ్ళోకి వచ్చినప్పటినుంచి ఆయన జుట్టు పెరుగుతూనే ఉంది. ఇప్పుడు చెవులు కప్పేసింది. మన జవాబులు వినపడకపోవడానికి అదొక కారణం అని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. చెప్పింది ఎవరో నువ్వు ఊహించుకోగలవు.

జవాబు రాయి. మన పిల్ల పురితకి నా ఆశీస్సులు.

నీ పారే,
జోసిమో


సాలుమాయ్, బుకిద్‌నోన్ కొండలు
అక్టోబరు 6, 1957

ప్రభువునందు ప్రియ సహోదరుడైన జోసిమోకు వందనములు.

నీ ఉత్తరం చేరింది. నువ్వు విన్నది నిజం. నువ్వు నవ్వుతావని తెలుసు. నవ్వేముందు ఇది చదువు.

నా భార్య లూమింగ్ పోయిందని మాత్రమే నీకు రాశాను. ఎలా పోయిందో రాయలేదు. రాయడానికి చెయ్యి రాలేదు. వానల్లో జ్వరం పట్టుకుంది. ఫాదర్ ఉండేది కింద పట్నంలో, దారి ఎండినప్పుడే మా వైపు వస్తాడు. కబురు పంపాను. వస్తానన్నారు. వాన. మళ్ళీ పంపాను. వాన. అప్పుడు పక్క పొలం వాళ్ళు వచ్చారు. ఈ సంఘం వాళ్ళు. నేను పిలవలేదు పారే. వెదురు బొంగుకి ఉయ్యాల కట్టి దాన్ని అందులో పడుకోబెట్టి, మోకాళ్ళ లోతు బురదలో కొండ దించారు. ఒకాయన కాలు విరిగింది. అయినా ఉయ్యాల కింద పెట్టలేదు. ఆసుపత్రి చేరాక మూడోనాడు లూమింగ్ పోయింది. చేతిలో జపమాల ఉంది. తియ్యమని వాళ్ళు అనలేదు. గొయ్యి వాళ్ళే తవ్వారు. నా మొక్కజొన్న వాళ్ళే నాటారు.

ఆ భుజాల వెనక నేను నడిచాను. అంతే. వాదించి ఎవరూ నన్ను గెలవలేదు.

మా పెద్దలు చెప్పేదాని ప్రకారం ఊహ తెలియని బిడ్డ నెత్తిమీద పోసిన నీళ్ళు బాప్తిస్మం కాదు. అవి ఉత్త నీళ్ళు. మన పురితకి అప్పుడు చేయించింది కూడా అంతే. అది నేను ఒప్పుకున్నాను. నువ్వు బాధపడకు పారే. నీ మీద నాకేమీ లేదు. మమ్మల్ని చూసి మాత్రం నవ్వకు.

సహోదరుడు,
రెస్టిటుటో


ఇనాబుయన్
నవంబరు 2, 1957
ఆత్మల పండగ

పారే,

నీ ఉత్తరం చదివి కొట్టు మూసేశాను. ముందు గంభీరమైన విషయం రాస్తాను. నా దగ్గర అది ఎక్కువసేపు నిలవదు కాబట్టి ఉన్నప్పుడే రాసెయ్యాలి.

లూమింగ్‌ని మోసినవాళ్ళకి నా టోపీ తీసి నమస్కారం పెడుతున్నాను. ఆ కాలు విరిగినాయనకి మరీను. వాళ్ళమీద నా నోట ఒక్క పరిహాసం రాదు. ఇది ఒట్టు. నీ ఉత్తరం తీసుకెళ్ళి ఫాదర్ సెసిల్యోకి చదివి వినిపించాను. ఆయన గుడి మెట్టు మీద అలాగే కూలబడ్డారు. తర్వాత, "మనం వెళ్ళలేదు, వాళ్ళు వెళ్ళారు" అన్నారు. సోమవారం లూమింగ్ కోసం పూజ చేశారు. నేనూ, పొరింగూ, గుళ్ళోకి దూరిన ఒక కోడీ వచ్చాం. కోడి చివరిదాకా ఉంది. వానకి భయపడి కొండెక్కని ఆ గురువుని నేను సమర్థించను. కావాలంటే నీతో కలిసి తిడతాను, తిట్లు నాకు ఎక్కువ వచ్చు. కానీ పోస్టుమాను రాలేదని రాసిన ఉత్తరం అబద్ధమైపోతుందా?

అయిపోయింది గంభీరం. ఇప్పుడు నీ సంగతి.

"ప్రియ సహోదరుడైన జోసిమోకు" అని మొదలుపెట్టావు. బాగుంది, ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంది. కాస్త కిందికి వచ్చేసరికి చొక్కా విప్పేసి "నేను పిలవలేదు పారే" అన్నావు. ఇంకాస్త కిందికి వచ్చి, ఏ నీళ్ళు ఉత్త నీళ్ళని రాశావో ఆ నీళ్ళ పక్కనే "బాధపడకు పారే" అన్నావు! ఒరేయ్, ఈ పారే అన్నది ఎక్కడనుంచి వచ్చింది? సంతలో కొన్నామా? మనం ఒక తల్లి కడుపున పుట్టలేదు. నీ బిడ్డని జ్ఞానస్నానపు తొట్టి దగ్గర నా చేతుల్లో పెట్టావు, ఫాదర్ నీళ్ళు పోశారు, అది నా చొక్కా తడిపింది (నీళ్ళతో కాదు), ఆ రోజునుంచి నువ్వు నాకు కుంపారేవి, నేను నీకు కుంపారేని. ఆ నీళ్ళు ఉత్త నీళ్ళైతే మనిద్దరం ఎవరం? ఒకే రేవులో పడవ ఎక్కినవాళ్ళం. అంతే.

నాకు పిల్లలు లేరని నీకు తెలుసు. నా భార్య పోయాక ఈ లోకంలో నన్ను తండ్రిలాంటి పిలుపుతో పిలిచే మనిషి నీ పురిత ఒక్కతే. "నినోంగ్" అంటుంది. నీ సంఘం పెద్దలు కొండమీద కూర్చుని ఒక్క మాటతో నాకున్న ఒక్క కూతుర్నీ తీసేసుకున్నారు. ఇంత పెద్ద దొంగతనం చేసినవాళ్ళని చూసి నవ్వొద్దంటున్నావు. నవ్వకపోతే ఏం చెయ్యను చెప్పు?

నా చదువు నీకు తెలుసు. కన్యల మఠంలోని సిస్టర్లు పాత పత్రికలు ఇస్తారు, కత్తి నురుగు తుడుచుకోవడానికి. తుడిచేముందు చదువుతాను. అందుకే నా జ్ఞానం ఎప్పుడూ వాక్యం మధ్యలో ఆగిపోతుంది. మొన్న ఒక ముక్కలో "బిడ్డల జ్ఞానస్నానానికి అత్యంత బలమైన కారణం ఏమిటనగా" అని ఉంది. తర్వాతి ముక్కతో మేయరు గడ్డం తుడిచేశాను. ఆ కారణం ఇప్పుడు మేయరు గడ్డంలో ఉంది. నాకు మిగిలిన కారణం నువ్వు రాసిన ఆ ఒక్క పిలుపే.

నీ పారే (కొట్టేసుకోవాలంటే నువ్వే కొట్టెయ్యి),
జోసిమో


సాలుమాయ్
డిసెంబరు 9, 1957

సహోదరుడు జోసిమోకు,

ఈ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి చూసుకున్నాను, ఆ మాట రాలేదు.

ఇనాబుయన్ పండగకి నేను వస్తున్నాను. పాస్టర్ ఎలియెజర్ గారు కబురు పెట్టారు. జనవరి పదిహేడున, పల్లకీ తిరిగాక, ప్లాజాలో బహిరంగ వాదం ఉంటుందట. మేయరు అనుమతి ఇచ్చాడు. ఆ విగ్రహాన్ని మోసినవాణ్ణి కాబట్టి నేను వేదికెక్కి, అది కొయ్య అని సాక్ష్యం చెప్పాలి. మా సంఘంలో నేను కొత్తవాణ్ణి. వాళ్ళు నాకు చేసినదానికి నేను తిరిగి ఇవ్వగలిగింది ఇదొక్కటే. వస్తానని మాట ఇచ్చాను.

నీ తరఫువాళ్ళు నిన్నే నిలబెడతారని పొరింగ్ రాయించింది. నాకు ఎదురుగా నిలబడకు జోసిమో. వాదంలో ఓడిపోయినా నాకు ఫరవాలేదు. నువ్వు వాదించవు, నవ్విస్తావు. చిన్నప్పటినుంచి మన ఊళ్ళో ఎవడి గురించి నువ్వు నవ్వించావో వాడు చచ్చేదాకా ఆ పేరుతోనే తిరిగాడు. పడవ కొండోయ్‌కి "సగం తెడ్డు" అని పేరు పెట్టావు. వాడి సమాధిరాయి మీద కూడా అదే ఉంది. నన్ను అలా చెయ్యకు. వేరే ఎవర్నైనా పంపించు.

పురిత బాగుంది. నీకు రాస్తున్నానంటే, తన మాటగా ఏదో రాయమంది. ఆ మాట రాయడం నాకు ఇప్పుడు కుదరదు.

రెస్టిటుటో


ఇనాబుయన్
డిసెంబరు 28, 1957
పసిబిడ్డల పండగ

పారే,

ఈ రోజు తేదీ చూశావా? హేరోదు చంపించిన పసిబిడ్డల రోజు. మన ఊళ్ళో ఈ రోజు ఎవడైనా ఏదైనా అరువిస్తే తిరిగి రాదు, ఎవడు ఎవణ్ణి బోల్తా కొట్టించినా కోపం తెచ్చుకోకూడదు. పొద్దున్నే ఒకడు నా దువ్వెన అరువడిగి పట్టుకుపోయాడు. ఆ దువ్వెనకి పళ్ళు లేవని వాడికింకా తెలియదు.

కానీ ఆ పసివాళ్ళ గురించి కాస్త ఆలోచించు. ఉయ్యాలలో ఉన్నవాళ్ళు. ఒక్క వాక్యం చదవలేదు. ఏ ఏట్లోనూ మునగలేదు. "నమ్ముతున్నాను" అనడానికి నాలుకే తిరగదు. అయినా పునీతులు! వాళ్ళకి ఏం అర్థమైందని? దేవుడి పక్కన పుట్టారు, అంతే. నీ పాస్టరుని అడుగు: ఏమీ తెలియని బిడ్డ దేవుడికోసం చావవచ్చుగానీ, దేవుడి దగ్గర స్నానం చెయ్యకూడదా? ఇది నా సొంతం. ఏ పత్రికలోదీ కాదు. అందుకే వాక్యం పూర్తయింది.

నీ కోరిక సంగతి. నేను నిలబడతాను.

వేరే ఎవణ్ణి పంపమంటావు? ఫాదర్‌కి పై నుంచి అనుమతి లేదు, ఉన్నా ఆయన ఏడుస్తారు. బళ్ళో మాస్టారు తర్కం నేర్చుకున్నాడు, ఆయన మొదలుపెడితే మన పక్షం వాళ్ళే ఇంటికెళ్ళిపోతారు. ఎవరూ నిలబడకపోతే, ఆ లౌడ్‌స్పీకరు వచ్చే పండగదాకా "ఇనాబుయన్ నోరు మూసుకుంది" అంటుంది. నా తల్లి ఆ గుళ్ళో నేలమీద కూర్చుని ప్రార్థించింది. నీ తల్లి కూడా. వాళ్ళిద్దర్నీ పంది భక్తులని మైకులో అంటుంటే, నీకు మొహమాటమై నేను తల దువ్వుకుంటూ కూర్చోవాలా? ఆ పని చెయ్యను. నువ్వు అలిగినా చెయ్యను.

నా షరతులు నేనే పెట్టుకుంటున్నాను. లూమింగ్ పేరు ఎత్తను. మోసినవాళ్ళని ఏమీ అనను. నీకు పేరు పెట్టను. మిగతాదంతా నాది: మిషన్లు, మైకు, ఆ జుట్టు.

ఒక్క సలహా, స్నేహితుడిగా. వేదిక మీద నన్ను పారే అనకు.

జోసిమో


ఇనాబుయన్
జనవరి 19, 1958

రెస్తీ,

చెప్పకుండా పొద్దుటి పడవకి వెళ్ళిపోయావు. పొరింగ్ నీకోసం ఆకులో చుట్టిన జిగురన్నం పట్టుకుని రేవులో నిలబడింది. నువ్వు అవతలి వైపునుంచి ఎక్కావట. ఆ అన్నం నేను తిన్నాను. నీ పక్కన కూర్చుని చెప్పాల్సింది ఉత్తరంలో చెప్పాల్సొస్తోంది. అక్కడే ఉన్నావు గానీ, నువ్వు నిలబడ్డ వైపునుంచి సగమే కనిపించి ఉంటుంది. మిగతా సగం ఇదిగో.

ఆ వెదురు వేదిక నువ్వు చూశావు కదా. కోడిపందేలకి కట్టింది, ముగ్గురు మనుషులకోసం కాదు. మొదట పాస్టరు గంటసేపు చదివాడు. బాగా చదివాడు, కాదనను. వచనాలన్నీ నోటికి వచ్చు. "కొయ్యని ముద్దుపెట్టుకునేవాళ్ళు కొయ్యలే అవుతారు! మీ పెదవులు ఎన్నిసార్లు ఆ పాదాల్ని తాకాయి? తాకితే ఆ కొయ్యకి తెలిసిందా?" అన్నాడు. నిజం చెబుతున్నాను, మనవాళ్ళు తలలు దించుకున్నారు. ఫాదర్ గుడి తలుపు వెనకనుంచి వింటున్నారు, ఆయన వేళ్ళు మాత్రం తలుపు అంచున కనిపిస్తున్నాయి. ఓడిపోతున్నాం అని నాకు తెలిసింది.

నా వంతు వచ్చింది. నా సంచిలో ఉన్నది ఒక పెండలం. ఈ ఏడాది పంటలో మొదటిది, తవ్వగానే పొరింగ్ దాచింది. ఊదారంగు, పసిబిడ్డ తలంత ఉంది. నేనేమీ మాట్లాడకుండా సంచిలోంచి తీశాను. చేయి వణికినట్టు చేశాను. (చేశాను. నిజంగా వణకలేదు. అడుగుతావని ముందే చెబుతున్నా.) అది జారి నేరుగా పాస్టరు బూటు దగ్గర పడింది.

ఇక చెప్పేదేముంది! ఆయన బొహోల్ బిడ్డ. కరువులో మనల్ని బతికించిన దుంప. అది నేలమీద పడితే ఏం చెయ్యాలో వాళ్ళమ్మ నేర్పింది, మనమ్మలు మనకి నేర్పినట్టే. వంగాడు, తీశాడు, దుమ్ము దులిపాడు, ముద్దుపెట్టుకున్నాడు. మైకు పక్కనే ఉంది. ఆ ముద్దు చప్పుడు రేవుదాకా వినిపించింది.

నేను చాలా మర్యాదగా అడిగాను: "పాస్టరు గారూ, ఆ దుంపకి తెలిసిందంటారా?"

రెస్తీ, ఇరవై ఏళ్ళుగా ఈ ప్లాజాలో అలాంటి నవ్వు వినలేదు. వాళ్ళ పక్షం ఆడవాళ్ళు కూడా చేతిరుమాళ్ళు నోట్లో కుక్కుకున్నారు. తలుపు అంచు మీద వేళ్ళు కనిపించలేదు. ఫాదర్ లోపల నేలమీద కూర్చుని నవ్వుతున్నారని తర్వాత తెలిసింది. "ముద్దు దుంపకి కాదండీ, బతికించినవాడికి! మాదీ అదే, కొయ్యకి కాదు!" అని నేను అరిచాను గానీ, ఎవడికి వినపడింది? వాదం ముద్దుతోనే అయిపోయింది.

అప్పుడే జనం నవ్వుతూ తొక్కుతూ వేదికని ఊపేశారు. వెదురు కట్టు ఊడింది. నా కాలు సందులో దిగిపోతోంది. నువ్వు మైకు దగ్గర సాక్ష్యం చెప్పడానికి సిద్ధంగా ఉన్నావు. నా చొక్కా పట్టుకుని లాగి అరిచావు:

"పారే! పడతావ్, పారే!"

లౌడ్‌స్పీకరు దాన్ని ఊరంతటికీ చెప్పింది.

నవ్వు ఆగిపోయింది. నీకు అదే గుర్తుండి ఉంటుంది. దుంప అవమానంలో ఉన్న పాస్టరు నీ మీద తిరిగాడు. "సహోదరుడా, ఆ మాట వెనక్కి తీసుకో. అది వాళ్ళ తొట్టిలో నీళ్ళ మాట. 'సహోదరుడా' అను. అందరికీ వినపడేలా అను." నీ చేతిలో మైకు పెట్టాడు. నువ్వు అలాగే నిలబడ్డావు. మీ చెల్లెలు చేపల బల్ల మీదనుంచి గొంతు చించుకుని, "ఏ నీళ్ళల్లోంచి వచ్చిందయ్యా ఆ పిలుపు? చెప్పు పాస్టరూ!" అని అరిచింది. అందరూ నావైపు చూశారు. ఇప్పుడు జోసిమో ఒక్క దెబ్బ వేస్తాడని. ఆ దెబ్బ నా నాలుక మీద ఉంది రెస్తీ. నవంబరులో నీకు రాసినప్పటినుంచి నూరి పెట్టుకున్నది. అది అని ఉంటే నీకు చచ్చేదాకా అదే పేరు.

అనలేదు.

దయ తలచానని అనుకోకు. నేను నవ్వించేది బడాయిని చూసి. ఆ రోజు ఆ వేదిక మీద బడాయి లేకుండా వచ్చిన మాట అదొక్కటే. దాన్ని చూసి నవ్వితే నేను నిలబడ్డ నేలని నేనే తవ్వుకున్నట్టు. నేను నూరిన కత్తి నా తాడే కొయ్యబోయింది, అంతే.

నువ్వు మైకు నేలమీద పెట్టి దిగి వెళ్ళిపోయావు. ఆ మాట వెనక్కి తీసుకోలేదు. ఉంచుకున్నానని కూడా అనలేదు. నాకు క్షమాపణ చెప్పే ఉద్దేశం లేదు. దుంప పడేసినందుకు చెప్పను, మిషన్ల మాటకి చెప్పను. మళ్ళీ లౌడ్‌స్పీకరు మోగితే మళ్ళీ ఎక్కుతాను. కానీ నిన్ను ఏమని పిలవాలో తెలియక ఈ ఉత్తరం ఉత్త పేరుతో మొదలుపెట్టాను. అది నాకు నచ్చలేదు.

జోసిమో


సాలుమాయ్
ఫిబ్రవరి 5, 1958

పారే,

తొందరపడి నవ్వకు. నేను నీ సాన్ ఆంతోన్యో దగ్గరికి తిరిగి రాలేదు.

ఇక్కడ నన్ను సంఘం ముందు నిలబెట్టారు. పాస్టర్ ఎలియెజర్ ఉత్తరం ముందే వచ్చింది. ఆ మాట వాడినందుకు పశ్చాత్తాపపడమన్నారు. నేను అడిగాను: "పడిపోయేవాణ్ణి పట్టుకునేటప్పుడు మనిషి నోటికి వచ్చే మాట అబద్ధం అవుతుందా?" కాలు విరిగినాయన, ఆయన పేరు నీకు చెప్పలేదు, బెనోని, కర్ర మీద ఆనుకుని, "వదిలెయ్యండయ్యా. నేను ఆమెని మోసేటప్పుడు ఏ మాట అన్నానో మీరెవరైనా అడిగారా?" అన్నాడు. తర్వాత పాట పాడుకుని ఇళ్ళకి పోయాం.

నేను వాళ్ళతోనే పాడుతున్నాను. ఆ భుజాల్ని విడిచి రాలేను. కానీ ఆ నీళ్ళు ఉత్త నీళ్ళని ఇక అనను. అనమన్నా అనను. ఈ రెండూ ఎలా కుదురుతాయో నాకు తెలియదు. నీకు తెలిస్తే, పూర్తి వాక్యంలో రాయి.

ఇప్పుడు నీకు రెండు సంగతులు చెప్పాలి. ఒకటి, ఏట్లో ముంచేముందు నేను అలవాటుకొద్దీ సిలువ గుర్తు వేసుకున్నాను. గట్టుమీద అందరూ చూశారు. రెండోది, దుంప పడగానే నేనూ వంగాను. పాస్టరు దగ్గరగా ఉన్నాడు కాబట్టి నేను తప్పించుకున్నాను.

నువ్వు కావాలనే పడేశావని నాకు అక్కడే తెలిసింది. నీ చెయ్యి ఎప్పుడూ వణకదు.

పురిత అప్పుడు రాయమన్న మాట: "నినోంగ్‌కి ముద్దులు."

రెస్తీ


ఇనాబుయన్
ఫిబ్రవరి 19, 1958
విభూతి బుధవారం

పారే,

పూర్తి వాక్యం నాకు తెలియదు. సిస్టర్లు కొత్త కట్ట ఇచ్చారు, వెతుకుతాను. ఈలోగా నువ్వు అక్కడ పాడుతూ ఉండు, నేను ఇక్కడ నీకోసం మొండికేసి ప్రార్థిస్తూ ఉంటాను. ఎవడు ముందు అలసిపోతాడో చూద్దాం. నేను అలసిపోను, ముందే చెబుతున్నాను. బెనోనికి నా నమస్కారం చెప్పు. గడ్డం ఉంటే ఎప్పుడైనా రమ్మను.

ఆ దుంపని పొరింగ్ మిఠాయి చేసి ఊరంతా పంచింది. పాస్టరు ఇంటికీ పంపించింది. గిన్నె ఖాళీగా, కడిగి తిరిగొచ్చింది.

పురితకోసం ఈ పడవలో ఒక పెండలం పంపుతున్నాను. దారిలో కింద పడేస్తే ఏం చెయ్యాలో దానికి తెలుసు.

ఈ పొద్దున గుళ్ళోంచి వచ్చి కొట్టు తీశాను. పాస్టర్ ఎలియెజర్ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. గుడ్డ కప్పాను. అద్దంలో నా నుదుటి మీద బూడిద చూశాడు, నేను ఆయన జుట్టు చూశాను. కత్తిరించాను. చెవుల వెనక ఇంకాస్త తగ్గించమన్నాడు. తగ్గించాను.

నీ పారే,
జోసిమో